భుజం దగ్గర ఎముక విరిగితే: ముక్కలు లెక్కపెట్టాలి, చెయ్యి కదపాలి



ఈ నెల గోడపత్రికలో నేను ఎముక విరగడం గురించి రాస్తున్నాను. ఒంట్లో ఉన్న అన్ని ఎముకల గురించీ రాయాలంటే ఈ చార్టు చాలదు. అందుకని ఒక్క ఎముకే, అందులోనూ ఒక్క చోటే తీసుకున్నాను. భుజం కింద, చెయ్యి మొదలయ్యే చోటు.

ఆ చోటే ఎందుకు అంటారేమో. మన ఏజెన్సీలో చూడండి. మిరియాలు కోయడానికి సిల్వర్ ఓక్ చెట్లు ఎక్కుతారు. జీలుగు కల్లు కోసం ఎక్కుతారు. వానాకాలంలో గెడ్డ దగ్గర నాచు పట్టిన రాళ్ళ మీద నీళ్ళు మోస్తారు. పడితే చెయ్యి మీదో భుజం మీదో పడతారు. వయసు మీదపడిన ఆడవాళ్ళకు ఎముక గుల్లబారి ఉంటుంది కాబట్టి చెట్టెక్కక్కర్లేదు, గడప తగిలి పడినా చాలు. పెద్దవాళ్ళకు విరిగే ఎముకలన్నిటిలో నూటికి 5 లేక 6 ఈ చోటువే. 65 ఏళ్ళు దాటినవాళ్ళలో తుంటి, మణికట్టు తర్వాత ఎక్కువగా విరిగేది ఇదే. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ.

1. ఆ ఎముక ఎలా ఉంటుంది?

సైన్సు గదిలో అస్థిపంజరం చార్టు ఉంది కదా, దాని ముందు నిలబడి చదవండి. మోచెయ్యి నుంచి భుజం దాకా ఉన్న పొడుగు ఎముక పేరు భుజాస్థి. దాని పైకొన గుండ్రంగా ఉంటుంది. అదే తల. వీపు మీద ఉన్న రెక్క ఎముకకు చిన్న గిన్నె ఉంటుంది. తల ఆ గిన్నెలో తిరుగుతుంది. మనం పాఠంలో చదివిన బంతిగిన్నె కీలు ఇదే.

తుంటి దగ్గర గిన్నె లోతుగా ఉంటుంది. భుజం దగ్గర లోతు తక్కువ, మూకుట్లో బత్తాయి పెట్టినట్టు ఉంటుంది. అందుకే చెయ్యి ముందుకు, వెనక్కి, పైకి, చుట్టూ తిరుగుతుంది. మరి బత్తాయి మూకుట్లోంచి జారిపోకుండా ఆపేది ఏటి? కండరాలు. తలకు పక్కన బయటి వైపు పెద్ద బుడిపె, ముందు వైపు చిన్న బుడిపె ఉన్నాయి. పెద్ద బుడిపెకు మూడు కండరాలు, చిన్న బుడిపెకు ఒక కండరం తాళ్ళలాగ అతుక్కుని ఉంటాయి. బుడిపెల కింద ఎముక సన్నబడుతుంది. ఆ చోటును డాక్టర్లు సర్జికల్ నెక్ అంటారు. ఎక్కువగా విరిగేది అక్కడే. దాని కింద పొడుగ్గా ఉన్నది కాడ.

కాబట్టి నాలుగు భాగాలు గుర్తు పెట్టుకోండి. తల, పెద్ద బుడిపె, చిన్న బుడిపె, కాడ.

విరిగాక ముక్కలు ఉన్నచోట ఎందుకు ఉండవు? తాళ్ళు లాగుతాయి కాబట్టి. పెద్ద బుడిపెను దాని కండరాలు పైకి, వెనక్కి లాగుతాయి. చిన్న బుడిపెను దాని కండరం లోపలికి లాగుతుంది. కాడను రొమ్ము కండరం గుండె వైపు లాగుతుంది. ఎద్దులు తలో దిక్కుకు లాగినట్టు అన్నమాట.

2. ముక్కలు లెక్కపెట్టడం

1895లో జర్మనీలో రాంట్‌జన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రే కనిపెట్టేదాకా లోపల ఎన్ని ముక్కలయ్యాయో కంటితో చూడటం కుదిరేది కాదు. తర్వాత 1934లో కాడ్‌మన్ అనే అమెరికా డాక్టరు ఒక సంగతి చెప్పాడు. ఈ చోటు ఎలా పడితే అలా పగలదు, చిన్నప్పుడు ఎముక భాగాలు కలిసిన గీతల వెంట పైన చెప్పిన నాలుగు భాగాలుగా విడిపోతుంది అని. 1970లో న్యూయార్కులో చార్లెస్ నీర్ అనే ఎముకల డాక్టరు దాన్నిబట్టి ఒక లెక్క తయారు చేశాడు. ఇప్పటికీ అన్ని దేశాల్లో డాక్టర్లు ఆ లెక్క వాడుతున్నారు.

నీర్ లెక్కలో గమ్మత్తు ఏమిటంటే, పగుళ్ళు లెక్కపెట్టకూడదు, విడిపోయిన ముక్కలు లెక్కపెట్టాలి. మట్టి కుండకు మూడు బీటలు పడినా ముక్కలు ఊడకపోతే అది ఇంకా ఒక కుండే. ఊడిపోయి పక్కకు పడితేనే ముక్క. అలాగే ఎముక ముక్క 1 సెంటీమీటరు కన్నా ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కన్నా ఎక్కువ వంగినా దాన్ని విడి ముక్కగా లెక్కపెట్టాలి. 45 డిగ్రీలు ఎంతో తెలియాలంటే మీ జామెట్రీ బాక్సులో మూలమట్టం తీసి చూడండి.

ఒక ముక్క రకం: ఎన్ని పగుళ్ళున్నా ఏదీ జరగలేదు. అన్నిట్లోకీ ఎక్కువమందికి ఉండేది ఇదే. కొన్ని లెక్కల్లో సగం మంది, కొన్నిట్లో నూటికి 80 మంది పైనే.

రెండు ముక్కల రకం: కాడ విడిపోతుంది, లేదా ఒక బుడిపె ఊడుతుంది.

మూడు ముక్కల రకం: కాడ విడిపోయి, దాంతోపాటు ఒక బుడిపె కూడా ఊడుతుంది.

నాలుగు ముక్కల రకం: నాలుగూ వేరైపోతాయి. ఇది కష్టమైనది. తలకు రక్తం తెచ్చే నాళాలు కింద నుంచి, బుడిపెల పక్క నుంచి వస్తాయి. అన్నీ విడిపోతే తలకు రక్తం అందక అది కొన్ని నెలలకు చచ్చి కుంగిపోవచ్చు.

వీటికి తోడు, తల గిన్నెలోంచి జారిపోతే అది విరగడమూ, కీలు తప్పడమూ రెండూ కలిసినట్టు. దాన్ని ఆలస్యం చేయకుండా సరిచేయించాలి.

ఒక్క ఎక్స్‌రే సరిపోదు. ప్రార్థన లైనులో ముందు నుంచి చూస్తే నా వెనక నిలబడ్డ చెల్లి కనబడదు. అలాగే ముందు నుంచి తీసిన ఫిల్ములో వెనక్కి జారిన తల కనబడకపోవచ్చు. అందుకే ముందు నుంచి, రెక్క ఎముక పక్క నుంచి, చంక వైపు నుంచి మూడు రకాలుగా తీస్తారు. మూర్ఛ వచ్చి పడినవాళ్ళకు తల వెనక్కి జారడం ఉంటుంది, అది ఒక్క ఫిల్ముతో దొరకదు. ముక్కలు ఎక్కువుంటే స్కానింగు కూడా తీస్తారు. ఒకే ఫిల్ము చూసి ఇద్దరు డాక్టర్లు రెండు లెక్కలు చెప్పడం కూడా ఉంటుందట. అంత తికమక చోటు ఇది.

3. పడిన వెంటనే

చెట్టు మీంచి పడినవాళ్ళకు ముందు తల, మెడ, నడుము చూడాలి. అక్కడ నొప్పి ఉన్నా, తెలివి తప్పినా లేపి కూర్చోబెట్టకూడదు. కదపకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ దెబ్బలేమీ లేవని నమ్మకంగా ఉంటేనే కింద రాసినవి చెయ్యండి.

గాజులు, కడియాలు, ఉంగరాలు వెంటనే తీసెయ్యండి. కాసేపటికి చెయ్యి వాస్తుంది, అప్పుడు రావు.

చున్నీనో తుండుగుడ్డనో మూడు మూలలుగా మడిచి చేతిని మెడకు వేలాడదీయండి. ఇంకో గుడ్డతో చేతిని ఒంటికి వదులుగా ఆనించండి.

చెయ్యి లాగకూడదు. తైలం పెట్టి తోమకూడదు. లోపల ముక్కల పక్కనే పెద్ద రక్తనాళం, నరాలు ఉన్నాయి.

మూడు పరీక్షలు ఎవరైనా చెయ్యొచ్చు. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటుందా? వేళ్ళు వెచ్చగా ఉన్నాయా, కదులుతున్నాయా? భుజం కింద బయటి వైపు చర్మం ముట్టుకుంటే తెలుస్తుందా? వేళ్ళు చల్లబడినా, పాలిపోయినా, ఎముక బయటికి వచ్చినా అది చాలా తొందర పని.

పడుకోబెడితే నొప్పి ఎక్కువవుతుంది. వెనక ఏదైనా ఆనించి సగం కూర్చున్నట్టు ఉంచితే సుఖం. రోడ్డు లేని ఊళ్ళో డోలీ కన్నా కుర్చీకి కర్రలు కట్టి మోస్తే వాళ్ళకు నయం.

రెండు మూడు రోజులకు చెయ్యంతా, రొమ్ము పక్కంతా నల్లగా కమిలిపోతుంది. మోచెయ్యి దాకా దిగుతుంది. "విషం ఎక్కింది" అని మనవాళ్ళు భయపడతారు. విషం కాదు. విరిగిన చోట కారిన రక్తం చర్మం కింద నుంచి కిందికి దిగుతుంది. రెండు మూడు వారాల్లో అదే పోతుంది.

4. గుడ్డ ముక్కే వైద్యమా?

ఆసుపత్రికి వెళ్తే చాలామందికి పిండికట్టు వెయ్యరు. మెడకు వేలాడే పట్టీ ఇస్తారు, నొప్పి మాత్రలు ఇస్తారు, ఇంటికి పొమ్మంటారు. "ఇంత దూరం మోసుకొస్తే గుడ్డ ముక్క ఇచ్చారేటి?" అని మనవాళ్ళకు కోపం వస్తుంది. దీనికి కారణం ఉంది, నేను సైన్సు మేడమ్‌ని అడిగి తెలుసుకున్నాను.

విరిగిన ఎముకకు బద్దలు కట్టాలంటే దాని పై కీలు, కింది కీలు రెండూ కదలకుండా పట్టాలి. ముంజేతికి అది కుదురుతుంది. భుజం దగ్గర పైన ఉన్నది మనిషి ఒళ్ళే. అక్కడ బద్ద ఎక్కడ ఆనుతుంది? అందుకని చేతి బరువునే వాడుకుంటారు. చెయ్యి వేలాడుతుంటే దాని బరువు కాడను కిందికి లాగి తిన్నగా ఉంచుతుంది. బావిలో చేద తాడును తిన్నగా ఉంచినట్టు.

అయితే పట్టీ సగం వైద్యమే. మిగిలిన సగం కదపడం. భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. వారాల తరబడి కదలకపోతే ఆ పొర ముడుచుకుని అతుక్కుపోతుంది. అప్పుడు ఎముక అతుక్కున్నా చెయ్యి లేవదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఎముక అతుక్కోవడం ఒకటి, చెయ్యి పనికి రావడం ఇంకొకటి. మొదటిది ఒళ్ళే చేసుకుంటుంది. రెండోది మనం చెయ్యాలి.

మామూలుగా డాక్టర్లు చెప్పే వరుస ఇది. ఎవరికి ఎప్పుడు అనేది ఫిల్ము చూసి వాళ్ళే చెప్పాలి.

మొదటి రోజు నుంచే: వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి కదపాలి. పట్టీ రెండు మూడు వారాలు ఉంటుంది. చంక కడిగి పొడిగా తుడవాలి, లేకపోతే ఒరుసుకుని పుండు పడుతుంది.

ఒకటి రెండు వారాలకు: నడుము వంచి చెయ్యి కిందికి వదిలి గంట లోలకంలాగ మెల్లగా ఊపాలి, గుండ్రంగా తిప్పాలి.

మూడు నుంచి ఆరు వారాలు: బాగున్న చేత్తో పట్టుకుని రెండో చేతిని పైకి లేపాలి. గోడ మీద వేళ్ళతో చీమలాగ పైకి పాకించాలి.

ఆరు వారాల తర్వాత: చెయ్యి తనంతట తాను లేవాలి.

సుమారు మూడు నెలలకు: బలం పెంచే పనులు. కట్టెల మోపు, నీళ్ళ బిందె అప్పటిదాకా వద్దు. పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పట్టొచ్చు.

5. మా మామ్మ చీటీ

నేను 3వ తరగతిలో ఉన్నప్పుడు మా మామ్మ గెడ్డ దగ్గర జారి పడింది. ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఎక్స్‌రే తీసి పట్టీ వేసి, ఒక చీటీ ఇచ్చి పంపించారు. ఇంటికొచ్చాక అందరూ "గుడ్డ ముక్కతో ఎముక అతుకుద్దా?" అన్నారు. పట్టీ విప్పేసి వెదురు బద్దలు పెట్టి, భుజం నుంచి మోచెయ్యి దాకా బిగించి కట్టు కట్టించారు. రెండున్నర నెలలు విప్పలేదు. ఎముక అతుక్కుంది. కానీ మామ్మ చెయ్యి చెవి దాకా లేవదు. తల దువ్వుకోలేదు, కొప్పు పెట్టుకోలేదు. అడ్డాకులు కోయడానికి వెళ్ళడం మానేసింది.

ఆ చీటీ ఇంటి చూరులో దోపి ఉంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో తీసి చదివాను. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే మొదటిదాన్ని. చీటీ ఇంగ్లీషులో ఉంది. రెండు వారాలకు మళ్ళీ రావాలని, లోలకం వ్యాయామం మొదలుపెట్టాలని అందులో రాసి ఉంది. ఆరేళ్ళు ఆ మాట చూరులోనే ఉండిపోయింది. నేను ఎవరినీ తప్పు పట్టను. చదివి చెప్పేవాళ్ళు ఆ రోజు లేరు, అంతే.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా పిన్ని మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడింది. అదే చోటు విరిగింది. ఒక ముక్క రకమే. ఈసారి డాక్టరు గారు చెప్పింది మా బాబాయి చీటీ మీద తెలుగులో రాయించుకున్నాడు. పిన్ని రోజుకు నాలుగుసార్లు లోలకం ఊపింది. ఏడ్చింది కూడా, నొప్పికి. నవంబరులో కాఫీ పళ్ళు కోసింది.

బద్దల కట్టు మొత్తం చెడ్డదని నేను అనను. మన దేశంలో అది చాలా పాత విద్య. సుశ్రుత సంహితలో ఎముక విరగడం 12 రకాలు, కీలు తప్పడం 6 రకాలు అని రాశారు. బద్దలకు ఇప్ప, మేడి, రావి, మోదుగ బెరడులు, వెదురు వాడాలని కూడా ఉంది. మన ఇప్పచెట్టు పేరు అంత పాత పుస్తకంలో ఉందని తెలిసి నాకు సంతోషం వేసింది. కానీ ఈ ఒక్క చోటుకు బిగించే కట్టు పనికిరాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాపు పెరిగే చేతికి బిగుతు కట్టు ఉంటే రక్తం ఆగిపోయి కండ చచ్చిపోతుంది. కొందరికి చెయ్యి తీసెయ్యాల్సి వస్తుంది. కట్టు కట్టాక నొప్పి తగ్గాలి. పెరుగుతూ ఉంటే, వేళ్ళు తిమ్మిరెక్కితే, ఎవరు కట్టిన కట్టయినా వెంటనే విప్పించి ఆసుపత్రికి వెళ్ళాలి.

6. ఆపరేషన్ ఎప్పుడు?

తల జారిపోయి పెట్టినా నిలవకపోతే, తల రెండుగా చీలితే, రక్తనాళం తెగితే, ఎముక బయటికి వస్తే, వయసులో ఉన్నవాళ్ళకు ముక్కలు బాగా జరిగితే ఆపరేషన్ చేస్తారు. తీగలు, రేకు, మరలు, లేదా ఎముక లోపల కడ్డీ వేస్తారు. పెద్ద బుడిపె అర సెంటీమీటరు పైకి జరిగినా చెయ్యి లేపినప్పుడు పైన తగులుతుంది, అందుకని దానికి ఆపరేషన్ ఆలోచిస్తారు.

ముక్కలు జరిగిన పెద్దవాళ్ళందరికీ ఆపరేషన్ చేస్తే మేలా? బ్రిటన్‌లో 250 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు పట్టీ, వ్యాయామం ఇచ్చి రెండేళ్ళు చూశారు. 2015లో ఫలితం చెప్పారు. రెండు గుంపులకూ చెయ్యి ఇంచుమించు ఒకేలా పనిచేసింది. కీలు తప్పినవాళ్ళను, ఆపరేషన్ తప్పనిసరి అయినవాళ్ళను అందులో చేర్చలేదు. కాబట్టి "ఆపరేషన్ చెయ్యలేదు, పేదవాళ్ళమని వదిలేశారు" అని అనుకోనక్కర్లేదు. "ఆపరేషన్ వద్దు" అని పారిపోనూ కూడదు. ముక్కల లెక్క చూసి అడగాలి.

ముసలివాళ్ళకు తల నుజ్జయితే కీలు మార్చే ఆపరేషన్ కూడా ఉంది. 1985లో ఫ్రాన్సులో గ్రామాంట్ అనే డాక్టరు వింత ఉపాయం చేశాడు. గిన్నె ఉన్నచోట బంతి, బంతి ఉన్నచోట గిన్నె పెట్టాడు. తిరగేసిన కీలు అన్నమాట. దానివల్ల బుడిపెల కండరాలు పాడైనా భుజం మీది పెద్ద కండరం ఒక్కటే చేతిని లేపగలదు.

7. మన వయసువాళ్ళకు

మనకు ఎముక కొన దగ్గర పెరిగే పలక ఉంటుంది. భుజాస్థి పొడుగులో నూటికి 80 వంతులు భుజం దగ్గరి పలక వల్లే వస్తుంది. అందుకే చిన్నపిల్లలకు ముక్క కొంచెం వంకరగా అతికినా పెరిగేకొద్దీ తిన్నగా అవుతుంది. చిన్నవాళ్ళకు చాలావరకు పట్టీ చాలు. వయసు పెరిగేకొద్దీ ఆ సర్దుకునే గుణం తగ్గుతుంది, మన తరగతివాళ్ళకు చిన్నవాళ్ళకున్నంత ఉండదు. కాబట్టి "పిల్లలే కదా" అని ఎక్స్‌రే మానకూడదు.

ఎముక గట్టిపడాలంటే చోడి అంబలి మానకండి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఎండ కూడా కావాలి.

విన్నపం

వార్డెన్ అమ్మగారికి మనవి. మన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో మూడు మూలల గుడ్డలు రెండు పెట్టించగలరు. వాటిని కట్టడం శనివారం సాయంత్రం 6వ తరగతి నుంచి అందరికీ నేర్పిస్తే బాగుంటుంది.

అక్కలూ చెల్లెళ్ళూ, ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చూరులో, ట్రంకు పెట్టెలో, బియ్యం డబ్బాలో ఉన్న ఆసుపత్రి చీటీలు తీసి చదవండి. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో, ఏం చెయ్యమన్నారో పెద్దవాళ్ళకు మన భాషలో చెప్పండి. చదవడం రాకపోతే జాగ్రత్తగా హాస్టలుకు తీసుకురండి. సైన్సు మేడమ్ దగ్గర కూర్చుని అందరం కలిసి చదువుదాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని